గాజుల గాట్లు

పటాన్‌చెరులో నాది చిన్న కాన్పుల ఆసుపత్రి. ఆ మధ్యాహ్నం ఎనిమిది నెలలు నిండిన గర్భిణిని వాళ్లత్త తీసుకొచ్చింది. ముందురోజే సీమంతమట, చేతుల నిండా గాజులు. ముఖం, కాళ్లు ఉబ్బిపోయాయి. కడుపుతో ఉంటే నీరు రావడం మామూలే, తలనొప్పికి గోలీ ఇస్తే చాలంది అత్త. పరీక్ష చేస్తే బీపీ నూట డెబ్బై. మూత్రంలో ప్రొటీన్ పోతోంది. ఇది ప్రీఎక్లాంప్సియా. ఫిట్స్ వచ్చాయంటే తల్లీబిడ్డలిద్దరికీ ప్రాణం మీదికొస్తుంది.

ఫిట్స్ రాకుండా ఇంజెక్షన్లు మొదలుపెట్టి, ఈరోజే ఆపరేషన్ చేయాలని, బిడ్డను కొన్నాళ్లు అద్దాల పెట్టెలో ఉంచాల్సి రావచ్చని చెప్పాను. ఫ్యాక్టరీ షిఫ్టు మధ్యలో పరుగెత్తుకొచ్చిన భర్త తన తల్లి ముఖం చూశాడు. ఆమె నన్ను చూసింది.

"నెలలు నిండకముందే కోస్తరా? నా మనుమనికేమన్న అయితే కేసు ఏస్తం మేడం."

సిటీకి పంపేద్దామని మా మత్తు డాక్టరు గొణిగాడు. నా మీద పాత కేసొకటి ఇంకా కోర్టులో వాయిదాల మీద నడుస్తూనే ఉంది. రెఫర్ చేస్తే నేను గట్టున పడతాను. కానీ సిటీ దారిలో ట్రెయిలర్ లారీల మధ్య అంబులెన్సు ఇరుక్కుపోయి, అందులో ఆ పిల్లకు ఫిట్స్ వస్తే? ఇక్కడే కోసి బిడ్డకేమైనా అయితే? వార్డుకీ నా గదికీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగాను. కోర్టు గురించి ఆలోచిస్తున్నందుకు నా మీద నాకే ఒళ్లు మండింది.

ఈలోగా ఆపరేషన్‌కు అడ్డని నర్సు ఆమె గాజులు తీయబోయింది. ఉబ్బిన చేతుల మీంచి అవి కదలడం లేదు. పగలగొట్టబోతే, ముత్తయిదువ గాజులు ముట్టొద్దని అత్త అడ్డుపడింది. ఇంతమందిమి మాట్లాడుతున్నాం, పడుకున్న మనిషిని ఎవరమూ అడగలేదని అప్పుడు తోచింది. మంచం అంచున కూర్చుని, రెండు దారుల్లోనూ ఉన్న ప్రమాదం ఆమెకే విప్పి చెప్పాను.

"కండ్ల ముంగట మెరుపులొస్తున్నయ్ మేడం. ఈడనే చెయ్యండి. నేను బతకాలె."

అని చేతులు రెండూ మంచం ఇనుప కమ్మీకేసి కొట్టింది. గాజులు ముక్కలయ్యాయి. రక్తం తుడిపించుకుని సంతకం కూడా తనే పెట్టింది. నాకిక భయపడే తీరిక లేకపోయింది.

బిడ్డ పిడికెడంతే ఉన్నా, బతికింది. ఇంటికి పంపే రోజున అత్త మనవరాలిని ఒళ్లో పెట్టుకుని నన్ను నిలదీసింది.

"ఫిట్స్ రానే రాలే గదా మేడం. మరి గంత జల్దీ ఎందుకు కోసినరు?"

రాని ఫిట్స్‌కి సాక్ష్యం ఎక్కణ్ణుంచి తేవాలి? రేపు కేసు వేస్తే కోర్టులోనూ ఇదే అడుగుతారు. కోడలు దగ్గరికొచ్చి, ఇంకా మానని గాట్లున్న చేతులు అత్త ముందు చాపింది.

"సూడు అత్తమ్మా. మేడంను కాదు, నన్నడుగు."