టెస్టింగ్ తగ్గించనన్న పర్సిస్

అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో కార్ల బ్రేకులకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీలో పర్సిస్ ప్రాజెక్ట్ మేనేజర్. డెలివరీ దగ్గరపడ్డాక కస్టమర్ కొత్త ఫీచర్లు అడిగితే, ఆమె బాస్ దివాకర్ అన్నిటికీ ఒప్పేసుకున్నాడు.

"డేట్ మారదు, మనుషుల్నీ ఇవ్వను. టెస్టింగ్ తగ్గించెయ్," అన్నాడు.

పర్సిస్‌కు ఒళ్ళు మండింది. "పని పెంచేసి, టైమ్ ఇవ్వకుండా, బ్రేకులు సరిగా టెస్ట్ చేయకుండా పంపమంటారా? ఆ కార్లలో పిల్లలు కూర్చుంటారండీ!"

"నీ వీసా కంపెనీ చేతిలో ఉంది, గుర్తుంచుకో."

ఆ బెదిరింపుతో ఆమెకు ఉన్న భయం కూడా పోయింది. మీటింగ్‌లో కస్టమర్‌కే సంగతి చెప్పేసింది. కస్టమర్ వెంటనే గడువు పెంచాడు.

దివాకర్ మాత్రం ఆమెను ప్రాజెక్ట్ నుంచి తప్పించాడు. పర్సిస్ వేరే కంపెనీకి వీసా మార్చుకుని వెళ్ళిపోయింది.

"ఒక్క మాట అడిగితే దొరికే గడువు కోసం మనుషుల ప్రాణాలతో ఆడుకుంటారా?" అని ఇప్పటికీ మండిపడుతుంది.