కొండగొర్రె తల

రుద్రవరం నతానియేలుకు నల్లమలలో ఏ వాగు ఏ నెలలో ఎండుతుందో, ఏ చెలమకు ఏ జంతువు దిగుతుందో తెలుసు. అందుకే నంద్యాల నుంచీ ఆళ్లగడ్డ నుంచీ షికారుకు వచ్చే పెద్దమనుషులు అతని ఇంటి ముందే జీపు ఆపేవాళ్లు. ఎనిమిదేళ్లుగా వాళ్లకు దారి చూపుతున్నాడు. ఎనిమిదేళ్లుగా వాళ్లను లోలోపల ఛీ కొడుతూనే ఉన్నాడు. చెవిలో అత్తరు దూది పెట్టుకొని అడవికొచ్చి, జంతువొకటీ కనపడలేదేమని దబాయించినవాళ్లు వాళ్లు.

1956 వేసవిలో వచ్చినవాడు వెంకటేశ్వర్లు, నంద్యాలలో నూనె మిల్లు ఆసామి. అతనికి కొండగొర్రె కావాలి. పేరుకు గొర్రేగానీ అది గొర్రె కాదు. మేకంత ఎత్తుండే బెదురు జంతువు. పోతుకు నెత్తిన నాలుగు కొమ్ములుంటాయి, పెంటికి ఒక్కటీ ఉండదు. పక్క మిల్లు ఆయన గోడకు దుప్పి తల ఉందట. దాన్ని చూసినప్పటి నుంచీ ఈయనకు అన్నం సయించడం లేదట.

రెండు రోజులు చెలమ పక్క పొదలో కూర్చున్నారు. వెంకటేశ్వర్లు సిగరెట్టు మీద సిగరెట్టు కాల్చాడు. ఆ వాసనకు ఉడతలు కూడా రాలేదు. మూడోనాడు పొద్దున సిగరెట్ల పెట్టె ఖాళీ అయింది. అప్పుడు వచ్చింది, ఒంటరిగా, ఒక్కో అడుగూ ఆలోచించి వేస్తూ. బోడి తల. నిండు కడుపు.

నతానియేలు చెయ్యి అడ్డం పెట్టి గుసగుసలాడాడు. "పెంటయ్యా. సూడిది. కాల్చొద్దు."

తుపాకి పేలింది. జంతువు ఎగిరిపడి, వెనక కాలు ఈడ్చుకుంటూ బండల్లోకి పోయింది.

"తగిలింది! చూసినావా, తగిలింది!" అని వెంకటేశ్వర్లు గెంతాడు.

"కాలిరిగిందయ్యా. యాడో పడి రెండు దినాలు అల్లాడతాది. లెయ్యండి, నెత్తుటి జాడ పట్టుకోని పోదాం."

"ఈ ఎండలోనా? పోనీలేప్పా. కొమ్ముల్లేనిదాన్ని నేనేం జేసుకునేది? రేపు ఇంకోదాన్ని చూపియ్యి."

నతానియేలు అతని చేతిలోంచి తుపాకి లాక్కున్నాడు. "ఈడనే కూసో. కదిలినావంటే నాకు తెల్దు," అన్నాడు. షికారుకొచ్చినవాణ్ణి నువ్వు అనడం అతనికి అదే మొదలు.

నెత్తుటి చుక్కల వెంట మిట్టమధ్యాహ్నం దాకా నడిచాడు. ఒక బండ సందులో అది పడి ఉంది. ఒక్క గుండుతో దాని బాధ తీర్చాడు. మామూలుగా అయితే మాంసం ఇంటికి మోసుకుపోయేవాడే. ఆరోజు చేతులు రాలేదు. రాళ్లు పేర్చి కప్పి, అక్కడే కూలబడ్డాడు. చోటు చూపించింది తను. అది నీళ్లకొచ్చే వేళ చెప్పిందీ తనే. ఇన్నేళ్లూ వాళ్ల మీద ఊసిన ఉమ్మి తన మొహానే పడినట్టయింది.

తిరిగి వచ్చేసరికి వెంకటేశ్వర్లు చెట్టు మీదున్నాడు. బూట్లు కింద పడి ఉన్నాయి.

"ఎలుగుబంటి వచ్చిందప్పా! ఆకులు గలగలమన్యాయి!"

నతానియేలు కింద ఇసుకలో జాడ చూశాడు. ఉడుము తోక గీసిన గీత. అతన్ని దించి జీపు దాకా తీసుకుపోయాడు.

రెండు నెలలకు మిల్లు నుంచి కబురొచ్చింది. పోతే, ఆఫీసు గదిలో అధికారులు కాఫీ తాగుతున్నారు. గోడ మీద నాలుగు కొమ్ముల తల వేలాడుతోంది.

"చెప్పప్పా నతానియేలూ, నేనెంత దూరం నుంచి కొట్టినానో దీన్ని?" అన్నాడు వెంకటేశ్వర్లు నవ్వుతూ.

నతానియేలు దగ్గరికిపోయి తేరిపార చూశాడు.

"ఇది సంతలో మేకపోతు సార్. ముందరి రెండు కొమ్ములు యాదో మేకపిల్లవి. అతుకు కనపడతాంది. ఈయప్ప కొట్టింది సూడి పెంటిని. దాని ఎంట పోదాం రమ్మంటే ఎండగా ఉందన్యాడు. ఆనక ఉడుముకు భయపడి చెట్టెక్కినాడు."

ఒక అధికారికి కాఫీ పొలమారింది. "తాగొచ్చినాడు సార్ వీడు!" అని వెంకటేశ్వర్లు అరుస్తుండగానే నతానియేలు మెట్లు దిగాడు.

ఆ తర్వాత అతని ఇంటి ముందు జీపు ఆగలేదు. పెద్దమనుషులు నవ్వినప్పుడల్లా నవ్వే ఇంకొకణ్ణి వెతుక్కున్నారు.

"ఆ మాట ఆడ అనకపోతే ఏం పోతాండె నీకు?" అంది భార్య లూదియా.

"అనకపోతే మళ్లీ పిలుస్తాండ్రి. నేను మళ్లీ పోతాంటి," అన్నాడు.

వెదురు నరికే పనికి కుదిరాడు. మొదటి నెలంతా చేతులు బొబ్బలు. మూడేళ్లు గడిచాక, సంగతి తెలియని ఆళ్లగడ్డ ప్లీడరొకడు తుపాకితో వచ్చి, దారి చూపమన్నాడు. నతానియేలు వెదురు చీలుస్తూనే తలెత్తకుండా చెప్పాడు.

"ఎండ ముదురుతాంది. తొందరగా ఇంటికి పో."