కారణం చెప్పి ఇచ్చిన కేకు

ఈ ఉదయం వంటింట్లో కేకులోకి సంత్రా పండు తొక్క తురుముతుంటే ఆ ఘాటైన వాసన వేళ్లకు అంటుకుంది. సబ్బుతో కడిగినా పోలేదు. డిసెంబరులో ఆ వాసన ముక్కుకు తగిలితే చాలు, గ్రేస్ మేడం సైదాబాద్‌లోని మా పాత ల్యాబ్ మెట్లెక్కి వస్తున్నట్టే ఉంటుంది నాకు.

నా మొదటి ఉద్యోగం ఆమె ఇచ్చిందే. చిన్న రక్తపరీక్షల ల్యాబ్‌కు ఆమె ఇన్‌చార్జి. హుస్సేనీ ఆలంలో పాల వ్యాపారం చేసుకునే ఇంటి నుంచి ఒక సర్టిఫికెట్ పట్టుకుని వెళ్లాను. సూది చేతికిస్తే, ఎదురుగా కూర్చున్న మనిషికి గుచ్చలేక వెనక్కి తగ్గాను. "భయపడేది వాళ్లు కదా స్వరూపా, నువ్వెందుకు భయపడతవ్?" అని నవ్వి పనిలో పెట్టుకున్నారు. పొట్టి మనిషి. ఎప్పుడూ నూలు చీరే. ఆమె గొంతు పెంచగా నేను వినలేదు.

క్రిస్మస్ వారంలో మేడం ఇంట్లోనే కేకు పిండి కలిపేవారు. ఇంట్లో ఓవెన్ లేదు కాబట్టి పిండి పోసిన రేకు డబ్బాలను ఆటోలో బేకరీకి తీసుకెళ్లి కాల్పించేవారు. మొదటి ఏడాది డబ్బాలు ఒళ్లో పెట్టుకుని నేనూ వెళ్లాను. "మేడం ఆగయే! భట్టీ ఖాళీ కరో!" అని బేకరీ భాయ్ లోపలివాళ్లకు పొయ్యి ఖాళీ చేయమని కేకేశాడు. మధ్యాహ్నానికల్లా కేకులు ఎర్రగా కాలి, పైన పగుళ్లు తేలి వచ్చాయి. వాటిని కాగితంలో చుట్టి దారం కట్టాం. చుట్టాలకో, డాక్టర్లకో అనుకున్నాను. కాదు. నల్లా నీళ్లు వదిలే మనిషికి, కొరియర్ తెచ్చే మనిషికి, కరెంటు లైన్‌మన్‌కు. ప్రతి ఒక్కరి దగ్గరికీ తానే నడిచి వెళ్లి ఇచ్చారు. "ఎండాకాలంల మా ల్యాబ్ ఫ్రిజ్ ఆగిపోయిన దినం, తినే అన్నం ఇడిచిపెట్టి వచ్చినవ్ అన్నా. గందుకు ఇది" అన్నారు లైన్‌మన్‌తో. అంత పెద్ద మనిషీ సిగ్గుపడి తల దించుకున్నాడు.

తిరిగి వస్తూ అడిగాను. "ఉత్త హ్యాపీ క్రిస్మస్ అంటే సరిపోదా మేడం?"

"వాళ్లు చేసింది మనం చూసినమని వాళ్లకు తెల్వాలె కదా. చెప్పకపోతే ఇది ఉత్త కేకే."

మంచి మాట అనుకున్నానే తప్ప, దాని బరువు నాకు అప్పుడు తెలియలేదు.

మరుసటి ఏడాది వానాకాలంలో ఒక ఉదయం లక్ష్మి అనే పేరుగల ఇద్దరు ఆడవాళ్లు ఒకరి వెంట ఒకరు వచ్చారు. ఇద్దరి రక్తమూ తీసి, చీటీలు అంటించేలోగా నా మోచేయి తగిలి స్టాండ్ పడిపోయింది. ట్యూబులు పగల్లేదు కానీ ఏది ఎవరిదో తెలియలేదు. అందాజాగా చీటీలు అంటించేశాను. గది తుడుస్తున్న యాదమ్మ అంతా చూసింది.

"అవి తారుమారైనయ్ బిడ్డా" అంది.

"నీకేం తెలుసు? నీ పని నువ్వు చూసుకో. లొల్లి చెయ్యకు" అన్నాను.

ఆమె తుడుపు గుడ్డ బకెట్లో వేసి, తిన్నగా మేడం గదిలోకి వెళ్లింది. మేడం బయటికి వచ్చి ఆ ఇద్దరినీ మళ్లీ కూర్చోబెట్టి, క్షమించమని చెప్పి, స్వయంగా రక్తం తీశారు. ఒకామెకు షుగర్ ప్రమాదకరమైన స్థాయిలో ఉందని తేలింది. నా చీటీలతోనే రిపోర్టులు వెళ్లి ఉంటే ఆమె ఏమీ లేదనుకుని ఇంటికి పోయేదేమో. మేడం నన్ను కోప్పడలేదు. స్టాండ్ గోడ పక్కకు జరిపి, ట్యూబు చేతిలో ఉండగానే చీటీ అంటించడం మరోసారి చూపించారు. అంతే.

ఆ డిసెంబరులో ఒక పొట్లం నా చేతిలో పెట్టారు. "ఇది యాదమ్మకు. నువ్వే ఇయ్యాలె. ఎందుకో గూడ నువ్వే చెప్పాలె."

నేను కసిరిన మాట కూడా చెప్పి యాదమ్మ నన్ను ఇరికించిందనీ, మేడం ఇలా శిక్ష వేస్తున్నారనీ అనుకున్నాను. యాదమ్మ వెనక వరండాలో గ్లాసులు కడుగుతోంది. పొట్లం చాపాను. "ఎందుకో చెప్పి ఇయ్యమన్నరు మేడం. ఆ దినం నువ్వు నా మాట ఇని ఊకుంటే ఆమె పానం మీదికొచ్చేది యాదమ్మా. నోర్మూసుకొమ్మన్న నిన్ను. తప్పు నాదే."

యాదమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని పొట్లం తీసుకుంది. "నువ్వట్లన్నది మేడంకు ఎట్ల తెలిసింది బిడ్డా? స్టాండ్ పడ్డదని చెప్పిన గంతే. నువ్వన్న మాట నేను చెప్పలే."

నేరుగా మేడం గదికి వెళ్లి ఉన్నదంతా చెప్పేశాను. ఆమె కళ్లద్దాలు తీసి నా వైపు చూశారు. "ఆ దినం సంది నువ్వు యాదమ్మ మొఖం దిక్కు చూస్తలేవ్. నాకు కనపడదా? ఇగ కూసో, కేక్ తిను."

మేడం పోయి కొన్నేళ్లయింది. ఇప్పుడు ఇంకో ల్యాబ్‌లో నేను ఇన్‌చార్జిని. ఏటా కేకులు చేస్తాను. మావాళ్లు కొందరు "నువ్వెప్పుడు చర్చిల కలిసినవ్?" అని నవ్వుతారు. నవ్వనీ. నిరుడు ఒక రిపోర్టులో నేను చేసిన తప్పును మా టెక్నీషియన్ అందరి ముందూ ఎత్తి చూపింది. ఆ రోజు నాకు ఒళ్లు మండింది. క్రిస్మస్‌కు మొదటి కేకు ఆమెకే ఇచ్చాను, ఎందుకో అందరి ముందే చెప్పి. అలా చెప్పడం ఇప్పటికీ నాకు సులువు కాదు. అయినా ముందు కారణం చెబుతాను. ఆ తర్వాతే పొట్లం చేతిలో పెడతాను.