ఐసు పెట్టిన ఆముదం

మా తాతయ్య ముప్పై రెండేళ్లుగా యూనివర్సిటీ ఫిజిక్స్ ల్యాబులో అటెండరు. నేను పదో తరగతే గట్టెక్కలేదు కాబట్టి, మా ఇంట్లో యూనివర్సిటీ మెట్లెక్కింది ఆయనొక్కడే. ఈమధ్య ఎక్కుతూ రెండుసార్లు ఆగుతున్నాడు. అడిగితే మెట్లు లెక్కపెడుతున్నానంటాడు.

ల్యాబులో ఒక ప్రయోగం ఉంది. పొడవాటి గాజుగొట్టంలో ఆముదం పోసి, ఉక్కు గుండు వదిలి, అడుక్కి చేరడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాయాలి. పుస్తకంలో పన్నెండని ఉంటుంది. అది దొరలు వాళ్ల చలిదేశంలో రాసుకున్న పుస్తకం. మా ఎండకి ఆముదం పలచబడి గుండు ఆరు సెకన్లకే దిగిపోతుంది. దొరలు వెళ్లిపోయారుగానీ పన్నెండు వెళ్లలేదు. అందుకని పరీక్ష రోజు తాతయ్య ఐసుగడ్డలు మోసుకొచ్చి, గొట్టాలను తొట్టిలో నిలబెట్టి, పన్నెండు వచ్చేదాకా ఐసు వేస్తూ తీస్తూ ఉండేవాడు. పుస్తకం తప్పనడం కంటే ఆముదానికి జలుబు చేయించడం తేలిక. సాయంత్రానికి ఈయన నడుం పట్టేసేది.

మొన్నటి పరీక్షలో ఒకమ్మాయి తొట్టి దగ్గరికి పోకుండా, డబ్బాలోని ఆముదమే పోసుకుని, గది వేడి ఇంత, పట్టింది ఆరు సెకన్లు అని రాసింది. బయటినుంచి పరీక్ష పెట్టడానికి వచ్చిన ప్రొఫెసరు గుండు వదలడం కూడా రాదా అని ఎర్రగీత కొట్టాడు. పరీక్ష తప్పితే చదువు మాన్పిస్తానని వాళ్ల నాన్న ముందే చెప్పాడట. ఆ పిల్ల మా తాతయ్య వైపు చూసింది. పక్కనే డిపార్ట్‌మెంట్ హెడ్డు. వచ్చే నెల రిటైరయ్యాక ఇంకో ఏడాది ఉంచమని తాతయ్య పెట్టుకున్న అర్జీ ఆయన దగ్గరే ఉంది.

"ఆ అమ్మాయి రాసిందే నిజమండి," అన్నాడు తాతయ్య. "ఈ గదిలో పన్నెండు దానంతటది ఎప్పుడూ రాలేదు. ఐసు పెట్టి నేనే తెప్పిస్తున్నాను."

ప్రొఫెసరు తొట్టిలో చెయ్యి పెట్టి చూశాడట. ఐసు లేని గొట్టంలో గుండు తనే వదిలాడట, ఒకటికి మూడుసార్లు. ఆరు. మేం చదివినప్పుడూ పన్నెండే వచ్చేదే అని గొణిగి, ఎర్రగీత తీసేసి మార్కులేశాడు. ఆ పిల్ల గట్టెక్కింది. మన ఎండలకి మన లెక్కలు నెలనెలా కొలిచి రాస్తానంటోందట.

అర్జీ మాత్రం మర్నాడే తిరిగొచ్చింది.

తాతయ్య చొక్కా కూడా విప్పకుండా మంచం మీద వాలాడు. నేను ఊరుకుంటానా? ఇన్నేళ్లూ నోట్లో కూడా ఐసే పెట్టుకున్నావా అని ఏడిపించాను.

"చదువుకున్నవాళ్లు రాశారు కదే," అన్నాడు కళ్లు మూసుకుని. "మొదటి పదేళ్లూ నా చూపే తప్పనుకున్నాను."

"తర్వాత?"

"తర్వాత అలవాటైపోయింది."

వెళ్లి ఆయన కాళ్ల దగ్గర కూర్చుని నొక్కడం మొదలుపెట్టాను.