పొద్దెక్కితే గాని విప్పుకోని వేళ్లు

యోలెన్ కుదురుగా ఒకచోట కూర్చోగా చూసినవాళ్లు ఆ దీవిలోని సాన్ ఫిలిప్ ఊళ్లో ఎవరూ లేరు. అన్నం పళ్లెం చేత్తో పట్టుకుని వాకిట్లో తిరుగుతూ తినేది. చర్చిలో ప్రార్థన ముగిసేలోపు రెండుసార్లు బయటికొచ్చి మబ్బు చూసేది. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆమె పక్కన నడవాలంటే తనకు ఆయాసమేనని మొగుడు రెజిస్ అనేవాడు.

తోటలోకి అడుగు పెడితే మాత్రం నిదానం వచ్చేది. మొగలి చెట్ల మీదికి పాకించిన వెనీలా తీగలు రెజిస్‌కీ, అతని చెల్లెలు క్లెమాన్స్‌కీ తండ్రి ఇచ్చిపోయినవి. పూలకు పెళ్లి చేసే పని మాత్రం కోడలిగా వచ్చిన నాటినుంచీ యోలెన్‌దే. వెనీలా పువ్వు తెల్లారి విచ్చుకుని మధ్యాహ్నానికి వాడిపోతుంది. ఆ కాస్త వేళలోనే వెదురుపుల్లతో లోపలి పొరను పైకెత్తి, బొటనవేలితో పుప్పొడిని మెల్లగా అదమాలి. అదమకపోతే కాయ లేదు. కాయ లేకపోతే రోడ్డు పక్కన క్లెమాన్స్ దుకాణమూ లేదు.

రెండువేల ఆరు జనవరి వానలకు దీవికి దీవే మంచం పట్టింది. దోమ కుట్టడమే తడవు, జ్వరం. చికున్‌గున్యా అనలేక అందరూ దాన్ని చిక్ అన్నారు. దోమలు పెరుగుతాయని సమాధుల మీది పూలకుండీల్లో నీళ్లు కూడా పారబోయించారు. యోలెన్ పెరట్లో ఆకుకూర కోస్తూ ఉన్నట్టుండి కూలబడింది. లేవబోతే చీలమండలు నిలవలేదు. రెజిస్ వచ్చేసరికి మోచేతుల మీద పాక్కుంటూ గుమ్మం దాకా వచ్చింది.

"ఏమయిందే?"

"ఇవి నా కాళ్లు కావు రెజిస్. ఎవరివో తెచ్చి తగిలించారు."

ఆ వారంలోనే రెజిస్ పడ్డాడు, క్లెమాన్స్ కూడా పడింది. రెజిస్ వారానికల్లా ఇంటి కప్పెక్కి రేకులు బిగించుకుంటున్నాడు. క్లెమాన్స్ దుకాణం తెరిచింది. యోలెన్‌కీ జ్వరం దిగింది. కానీ చుట్టపుచూపుగా వచ్చిన జ్వరం వెళ్తూ వెళ్తూ నొప్పిని ఇంట్లో కాపురం పెట్టించింది.

పొద్దున్నే కాలు కింద పెడితే గులకరాళ్ల మీద నిలబడ్డట్టుండేది. వేళ్లు ఉబ్బి, వంకర్లు పోయి, పిడికిలి విప్పుకునేది కాదు. కాఫీ కప్పును రెండు మణికట్ల మధ్య ఇరికించుకుని తాగేది. పదీ పదకొండు దాటాక కాస్త సడలేవి. హమ్మయ్య అని కూర్చుందా, మోకాళ్లు మళ్లీ బిగుసుకునేవి. అందుకని నడిచేది. ఇంటి చుట్టూ, రోడ్డు మీద, సముద్రపు గట్టు దాకా.

ఆ నడకే ఆమె కొంప ముంచింది.

"రోజంతా ఊరు చుట్టబెడతావు. నొప్పులున్న మనిషి ఇలా తిరుగుతుందా వదినా?" అంది క్లెమాన్స్ ఓ రోజు, దారికి అడ్డం నిలబడి. "నాకూ వచ్చింది చిక్. వారం పడుకున్నాను. లేచాను. ఒళ్లు వంచాలి."

"ఒళ్లు వంచడమే కదమ్మా, ఆ చిక్ ఎప్పుడో వంచేసింది. ఇప్పుడు నిటారుగా నిలబెట్టేవాళ్లు కావాలి."

"మాటలకేం తక్కువలేదు."

"నోటికి కీళ్లు లేవుగా!"

డాక్టరమ్మ రక్తం తీయించి, అంతా బాగానే ఉందంది. "ఓపిక పట్టండి, తగ్గుతుంది."

"ఎన్నాళ్లకి?"

"కొందరికి ఎక్కువే పడుతుంది."

ఇంకోసారి వెళ్లినప్పుడు గట్టి మాత్రలిచ్చింది. అవి వేసుకుని యోలెన్ రెక్కలొచ్చినట్టు తిరిగింది. గోడలన్నీ కడిగింది, పరుపులు ఎండేసింది. ఎక్కువకాలం వాడకూడదని మాత్రలు ఆపించగానే నొప్పి వడ్డీతో సహా తిరిగొచ్చింది. ఆ తర్వాత కొండవార ఆకుమందులిచ్చే వేలు అనే ముసలాయన దగ్గరికి వెళ్లింది. ముత్తాతల నాడు తమిళదేశం నుంచి వచ్చిన కుటుంబం వాళ్లది. అతను ఆకులు కాచి చేదు కషాయం ఇచ్చాడు.

"తగ్గుద్దా తాతా?"

"తగ్గుద్దో లేదో చెప్పలేను గానీ, తాగినంతసేపైనా కూర్చుంటావు గదా!"

నిలబడే తాగేసింది.

సెప్టెంబరులో తీగలు పూశాయి. యోలెన్‌కు అసలు గుబులు అప్పుడు మొదలయింది. పువ్వుకు పొద్దుటి పూటే కావాలి. ఆమె వేళ్లు పొద్దుటి పూటే పని చెయ్యవు. చీకటితోనే లేచి వేడినీళ్లలో చేతులు ముంచుకుని, తెల్లారేసరికి తోటలో ఉంది. మొదటి పువ్వు చేతిలోనే తెగిపోయింది. రెండోదాని పెదవిలాంటి రేకు చిరిగింది. మూడోదానికి వెదురుపుల్లే జారి బురదలో పడింది. దాన్ని ఎలా తియ్యాలో తెలియక చూస్తూ నిలబడింది.

"వదిలెయ్," అన్నాడు రెజిస్ వెనకనుంచి.

"వదిలేస్తే పూలు ఆగుతాయా?"

క్లెమాన్స్ పక్కూరు సాంత్ రోజ్ నుంచి ఇద్దరు ఆడవాళ్లను కూలికి పిలిచింది. యోలెన్ ఇంట్లో ఉండలేక వాళ్ల వెనకాలే తిరిగింది. అలా కాదు, ఇలా ఎత్తు, గట్టిగా అదమకు అంటూ. చివరికి వాళ్లలో పెద్దావిడ విసిగిపోయి, "అమ్మా, మీరు కాస్త అవతల తిరగండి, మాకు చెయ్యి ఆడట్లేదు" అంది.

"నువ్వు చెయ్యవు, చేసేవాళ్లను చెయ్యనివ్వవు. ఇంటికి పో వదినా," అంది క్లెమాన్స్.

యోలెన్ ఇంటికి పోలేదు. రోడ్డు మీదికొచ్చి, ఎదురైన బస్సెక్కేసింది. సాన్ పియేర్ పట్నం దాకా వెళ్లి, దిగి, బజారంతా నడిచి, మళ్లీ బస్సులో వచ్చింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

"ఏ పని మీద?" అనడిగాడు రెజిస్.

"ఏ పనీ లేదు. ఊగుతూ ఉంటే కాస్త నయం."

"ఆ డ్రైవరు కుర్రాడు గానీ నచ్చాడా ఏంటి?"

"వాడి చేతులు నచ్చాయి. స్టీరింగు ఎంత తేలిగ్గా తిప్పుతాడో!"

రెజిస్ నవ్వబోయి ఆగిపోయాడు.

ఓ రోజు బస్సులో పక్కనే ఒకావిడ వచ్చి కూర్చుంది. ఒళ్లో చేతులు వెల్లకిలా పెట్టుకుంది, అవి తనవి కానట్టు. కాసేపటికి సంచిలోంచి నిమ్మసోడా సీసా తీసి, "కాస్త ఈ మూత తీసిపెడతారా?" అంది. యోలెన్ తన రెండు చేతులూ ఎత్తి చూపించింది.

"అయ్యో, మీకూనా?"

"జనవరి నుంచి."

"నాది ఫిబ్రవరి. అయితే నువ్వే పెద్దదానివి అక్కా!"

ఇద్దరికీ నవ్వాగలేదు. ముందు సీటువాళ్లు వెనక్కి తిరిగి చూశారు. ఆఖరికి మూత డ్రైవరే తీశాడు. ఆమె పేరు ఎలియెట్. బడిలో వంట చేసేదట, గరిటె పట్టలేక మానేసిందట. సాన్ పియేర్‌లో గోరువెచ్చని నీళ్ల తొట్టిలో దింపి కీళ్లు కదిలించే చోటుందని, తాను అక్కడికే వెళ్తున్నానని చెప్పి యోలెన్‌నూ లాక్కెళ్లింది.

మెడలోతు నీళ్లలో యోలెన్ చాలాసేపు కదలకుండా నిలబడింది. చుట్టూ ఇంకో పదిమంది. ఎవరి గోడు వాళ్లు చెప్పుకుంటున్నారు గానీ, నిజమేనా అని ఎవరూ ఎవరినీ అడగలేదు. మెట్లెక్కి బయటికి రాగానే ఒళ్లు తడిసిన బస్తాలా మళ్లీ బరువెక్కింది. అయినా గురువారం గురువారం వెళ్లడం మానలేదు. కొన్ని నెలలకు యోలెన్ గరిటె తిప్పగలిగింది. గుడ్డ పిండడం మాత్రం రాలేదు.

మరుసటి ఏడు, ఆ దీవిలో జూలైకి వచ్చే చలికాలంలో, ఎండిన వెనీలా కాయలు తీసుకెళ్దామని క్లెమాన్స్ పొద్దున్నే వచ్చింది. యోలెన్ జాకెట్టు గుండీలతో కుస్తీ పడుతోంది. ఒక అంచును పళ్లతో కరిచిపట్టి, రెండోదాన్ని మోచేత్తో నెడుతోంది. క్లెమాన్స్ గుమ్మంలోనే నిలబడిపోయింది. తర్వాత దగ్గరికొచ్చి, పైనుంచి కింది దాకా గుండీలన్నీ పెట్టింది.

"ఎప్పట్నుంచి వదినా ఇలా?"

"నీకు చెప్పినప్పట్నుంచి."

క్లెమాన్స్ తప్పయిందని అనలేదు. ఆ మాట ఆమె నోట ఎవరూ విననూ లేదు. కాయలు తీసుకుని వెళ్లిపోయింది. మర్నాడు దుకాణానికి వెళ్తూ దారిలో ఆగి, పొయ్యి వెలిగించి, కాఫీ కాచి, "మగాడన్నవాడు ఇంట్లో ఉండీ దండగ" అని అన్నను తిట్టి వెళ్లింది. అప్పటినుంచి రోజూ అదే వరస.

తిట్లు పడలేకో ఏమో, ఆ పూత కాలానికి రెజిస్ పుల్ల పట్టాడు. కళ్లద్దాలు ముక్కు మీదికి జారుతుంటే, మొద్దు వేళ్లతో పూలను వెతుక్కున్నాడు. యోలెన్ వెనక అటూ ఇటూ తిరిగింది.

"పెళ్లి చేస్తున్నావా, పువ్వుతో కలబడుతున్నావా?"

"మన పెళ్లికి మాత్రం ఎవడు నేర్పాడే నాకు?"

పది దాటి వేళ్లు సడలాక, అతను వదిలేసినవి ఆమె చేసేది. కొన్నిరోజులు నలభై పూలు, కొన్నిరోజులు ఒక్కటీ లేదు. వాన పట్టిన రోజున తోటకే వచ్చేది కాదు, గోడ పట్టుకుని ఇంట్లోనే నడిచేది.

రెండేళ్ల తర్వాత క్లెమాన్స్ మనవరాలి బాప్తిజం విందు జరిగింది. భోజనాలయ్యాక డోళ్లు మోగాయి. యోలెన్ కాసేపు ఓర్చుకుంది. ఆపైన చెప్పులు విడిచి మధ్యలోకి వెళ్లింది. పాట అయిపోయేదాకా ఆడింది. ఆగమని చెప్పబోయిన రెజిస్ చెయ్యి క్లెమాన్సే పట్టి ఆపింది.

మర్నాటినుంచి మంచం మీదే. చీలమండలు గుమ్మడికాయలయ్యాయి.

"ఈ వయసులో నీకు బుద్ధుందా?" అన్నాడు రెజిస్, వేడిగుడ్డ కాపడం పెడుతూ.

"లేదు. మెల్లగా పెట్టు, మంటగా ఉంది."

మూడోనాటికి ఇక పడుకోవడం ఆమె వల్ల కాలేదు. రెజిస్ భుజం పట్టుకుని లేచి, ఒక్కో అడుగూ తిట్టుకుంటూ వసారాలోకి వచ్చింది. బయట వాన కురుస్తోంది. కుర్చీ తెచ్చి వేస్తే వద్దంది. స్తంభానికి ఆనుకుని, ఒక కాలి మీద బరువు రెండో కాలి మీదికి మార్చుకుంటూ, రేపు గురువారం బస్సు ఎన్నింటికని అడిగింది.