ఎండిన మొక్కకు కట్టిన పేలిక

పోయిన వారం ఇక్కడ సౌదీలో, మలాజ్ పేటలో మా కాక పోయాడు. రోడ్డు మధ్య మొక్కలకు నీళ్లు పెడుతూ, పైపు చేతిలో ఉండగానే ఎండకు కూలిపోయాడు. నాకు ఆయన చుట్టం కాదు. ఆయనది జగిత్యాల వైపు, మాది కడప. అయినా పనివాళ్ల క్యాంపులో అందరికీ ఆయన కాకే.

మా కంపెనీ బలదియాకు, అంటే ఇక్కడి మునిసిపాలిటీకి, మొక్కలు పెంచే కాంట్రాక్టు చేస్తుంది. నేను ఆఫీసు గుమాస్తాను. ప్రభుత్వ సంస్థలు ఇప్పుడు చెట్లు, నీళ్లు, పనివాళ్ల భద్రత గురించి ఒక ప్రమాణం ప్రకారం సుస్థిరత నివేదిక ఇవ్వాలి. మా వంతు వివరాలు రాసేది నేనే.

మొదటి ఏడాది, నాటిన మొక్కల జాబితా చూసి రాసేశాను. కాక నన్ను రోడ్డు వెంట నడిపించాడు. ఎండిన ప్రతి మొక్కకూ తన పాత లుంగీ పేలిక కట్టి ఉంది.

"నాటినయి కాదు బిడ్డా, బతికినయి రాయి. కాయితం మీద నీళ్లు పోస్తె మొక్క పచ్చగైతదా?"

మేనేజర్ ఆ పేలికలు పీకించేవాడు. మర్నాటికి మళ్లీ ఉండేవి.

"ఇంకెన్ని లుంగీలు చించుతావు కాకా?" అని అడిగాను.

"వాళ్లు పీకుడు బంజేసేదాకా," అన్నాడు. చాయ్ గ్లాసు కడిగిన నీళ్లు కూడా మొక్క మొదట్లోనే పోసే మనిషి. ఉన్నది ఉన్నట్టు రాయడం నాకు నేర్పింది ఆయనే.

ఈసారి నివేదికలో "పనిలో మరణాలు" అనే గడి దగ్గర ఆగాను. "జీరో పెట్టెయ్ భాయ్, కంపెనీ పనివాళ్ల రోల్‌లో ఆయన పేరే లేదు కదా," అన్నాడు మేనేజర్.

ఒళ్లు మండింది. పనిలో సౌదీలు చాలినంతమంది లేక మా కంపెనీ నితాఖత్ అనే సర్కారు లెక్కలో రెడ్‌లో పడింది, పరాయి దేశపు పనివాళ్ల తలకింత అని కట్టాల్సిన లెవీ కూడా కట్టలేదు. దాంతో కాక ఇకామా, అంటే ఇక్కడ ఉండి పనిచేసే అనుమతి కార్డు, రెన్యువల్ కాలేదు. రోల్‌లోంచి పేరు తీసేశారు గాని చేతిలోంచి పైపు తీయలేదు. నీళ్లు పెట్టినన్నాళ్లూ పనివాడే, చచ్చాక ఎవరూ కాకుండా పోయాడా? ప్రమాణాన్ని నేనేమీ అనను, అది అడగాల్సిందే అడిగింది. సిగ్గుపడాల్సింది జవాబు రాసే మేము.

ఆ గడిలో ఒకటి వేశాను. ఫైలు తిరిగొచ్చింది. మళ్లీ ఒకటే వేశాను, మళ్లీ తిరిగొచ్చింది. నా ఇకామా కూడా కంపెనీ చేతుల్లోనే ఉందని గుర్తుచేశారు.

నిన్న కాక సామాను సర్దుతుంటే పెట్టెలో సగం చిరిగిన నీలం గళ్ల లుంగీ కనిపించింది. ఒక పేలిక చించాను. ఈ ఉదయం మూడోసారి ఒకటి వేసి, ఆ ఫైలును దానితోనే కట్టి మేనేజర్ బల్ల మీద పెట్టాను. కాక మొక్కలకు వేసినట్టే, రెండు ముళ్లు వేశాను.