అవ్వ ఊఁ కొట్టని చోట

మా తాత ఇస్సాక్ సౌదీలోని ఖతీఫ్‌లో వ్యాను నడుపుతాడు. నడిపేదానికంటే ఆపేది ఎక్కువ. దారిలో ఒక మంచి మాట తట్టిందంటే చాలు, బండి పక్కకు తీసి, ఖర్జూరం అట్టపెట్టె మూత ఒకటి చింపి, దాని వెనక రాసుకోవాల్సిందే. పార్సిల్ కోసం అవతల మనుషులు ఎండలో మాడిపోతున్నా ఆయనకు పట్టదు. అడిగితే "టైరులో గాలి తగ్గింది" అంటాడు. ఆ టైర్లలో గాలి తగ్గినన్ని సార్లు లోకంలో ఏ టైర్లలోనూ తగ్గి ఉండదు.

రాయచోటి నుంచి డ్రైవరుగా పోయిన మనిషి రచయిత కావడానికి కారణం మహబూబ్ బాషా. బాషాది ప్రొద్దుటూరు. ఖతీఫ్‌లో ఖర్జూరం, అత్తరు అమ్మే దుకాణం చూసుకుంటాడు. సౌదీలో ఉన్న తెలుగువాళ్ళందరికీ సరుకు పంపాలని ఫేస్‌బుక్‌లో ఒక పేజీ తెరిచి, "మంచి ఖర్జూరం, తక్కువ ధర" అని రోజూ అదే మాట పెట్టేవాడు. ఈగ కూడా వాలలేదు. ఒకరోజు విసుగొచ్చి ఫోన్ తాత చేతిలో పెట్టాడు. తాత ఖర్జూరం సంగతి వదిలేసి, చెట్టెక్కే ముసలి రైతు సంగతి రాశాడు. నడుముకు తాడు చుట్టుకుని, బిస్మిల్లా అని, బిడ్డ వీపు నిమిరినట్టు చెట్టును ఒకసారి నిమిరి ఎక్కుతాడని రాశాడు. హాయిల్, హఫర్ అల్ బాతిన్ లాంటి దూరపు ఊళ్ళ నుంచి ఆర్డర్లు వచ్చిపడ్డాయి. ఆనాటి నుంచి వ్యాను తాళమూ పేజీ తాళమూ తాతవే.

అయితే ఆయనకు ఒక జబ్బుంది. మొదలుపెడితే ఆపలేడు. ఖర్జూరం దగ్గర మొదలై, బావి మీదుగా, తన పెళ్ళికి అద్దెకు తెచ్చిన గుర్రం కుంటిదన్న దాకా పోతుంది రాత.

"మామా, ఫోన్ మీద బొటనవేలు ఆగదు. జారిపోతానే ఉంటాది. కొంచెం కత్తిరించు" అనేవాడు బాషా.

"నా మీసం నేను కత్తిరించుకోవాలన్నా అద్దం కావాల కదబ్బా" అనేవాడు తాత.

ఆ అద్దం మా అవ్వ మదార్బీ. ఆమె రాయచోటిలో, కూతురు ఖాలిదా దగ్గర ఉండేది. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక తాత పడవలు కట్టేసే చోట వ్యాను నిలిపి, అట్టముక్క ఒళ్ళో పెట్టుకుని ఫోన్ చేసేవాడు.

"మే మదారూ, వింటాండావా?"

"వినక యాడికి పోతా? సదువు."

తాత ఒక వాక్యం చదివి ఆగుతాడు. అవతల నుంచి "ఊఁ" వచ్చిందా, ఆ వాక్యం బతికింది. రాలేదా, పెన్నుతో కొట్టేస్తాడు. "ఉండు, కుక్కర్ ఎన్ని కూతలు కూసిందో" అందంటే పేరా మొత్తం పోయినట్టే. చిన్నప్పుడు కథ చెప్పించుకున్నవాళ్ళం అందరం ఊఁ కొట్టినవాళ్ళమే గానీ, దాన్ని పట్టుకుని వ్యాపారం చేసింది తాత ఒక్కడే. ఈ లెక్క అవ్వకు తెలియదు. తెలిస్తే మొగుడి మీద జాలితో ప్రతిదానికీ ఊఁ కొడుతుందని ఆయన తెలివిగా చెప్పలేదు. మిగిలిందాన్ని పేజీలో పెట్టి, మర్నాడు దాన్నే మళ్ళీ చదివి వినిపించేవాడు.

ఆ ఏడు తాతకు ఒక కోరిక పుట్టింది. అవ్వను విజిట్ వీసా మీద ఒక్కసారి పిలిపించుకోవాలి. మక్కాకు తీసుకుపోయి ఉమ్రా చేయించాలి, ఖతీఫ్ సముద్రం చూపించాలి. కంప్యూటర్ ముందు కూర్చుని పని జరిపిస్తానని బాషా మాట ఇచ్చాడు. కానీ ఆమెను అడిగేదెట్లా? దేశమంతటికీ ఖర్జూరం అమ్మగలిగిన మనిషికి, పెళ్ళాన్ని "రా" అని పిలవడానికి నోరు రాలేదు. సిగ్గు. ఆ వయసులో!

అందుకని ఆ మాటను వ్యాసంలో పెట్టాడు. కొత్త పండు దిగిన రోజులవి. అట్టముక్క మీద రాసుకుని, గొంతు సవరించుకుని చదివాడు: "ఈ పండును డబ్బాలో కాదు, చెట్టు కింద నిలబడి తినాలి. ఈసారి మా ఇంటామెను పిలిపించి, సముద్రం ఒడ్డున కూర్చోబెట్టి, మొదటి పండు నా చేత్తో తినిపిస్తాను."

చదివి ఆగాడు.

ఊఁ రాలేదు. పడవల మీద కాకులు అరుస్తున్నాయి. తాత ఫోన్ చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు. చాలాసేపటికి "ఆఁ... తర్వాత?" అని సన్నగా వినిపించింది.

తాత ఆ వాక్యాన్ని అట్టముక్క చిరిగేంత గట్టిగా కొట్టేశాడు. "రానంటే రానని చెప్పొచ్చు కదా" అని స్టీరింగ్‌తో కొట్లాడాడు. వీసా ఊసు మళ్ళీ ఎత్తలేదు. మర్నాడు ఆ వాక్యం లేని వ్యాసం చదివితే, అవ్వ మొదటి నుంచి చివరి దాకా బుద్ధిగా ఊఁ కొట్టింది.

ఆ తర్వాత ఊఁలు పలచబడుతూ వచ్చాయి. తాత కొట్టేస్తూనే ఉన్నాడు. రాతలు అరచేయంత అయ్యాయి. ఆర్డర్లు పెరిగాయి.

"మామా, నీ చేతికి ఇప్పుడొచ్చింది పదును!" అని బాషా ఎగిరి గంతేశాడు.

"నాది కాదు, మా ఇంటామె చెవిది" అని తాత మీసం దువ్వుకున్నాడు.

హాయిల్‌లో బిల్డింగ్ మరమ్మతు పనులు చేసే లింబాద్రి ఒక్కడికే అది నచ్చలేదు. ఆర్డర్ ఇవ్వడానికి ఫోన్ చేసి దెప్పాడు. "ఏంది తాతా, మునుపు మంచిగ రాస్తుంటివి. గిప్పుడు మందుగోలీ లెక్క గింతంత రాస్తున్నవ్?"

తాత నవ్వేశాడు.

ఒకరోజు హఫర్ అల్ బాతిన్‌లో డబ్బాలు దించుతుండగా ఖాలిదా ఫోన్ వచ్చింది. పొద్దున నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కుని వజూ చేసుకుంటూ అవ్వ కూలబడిపోయిందని, ఇక లేదని చెప్పింది. తాత అక్కడే డబ్బా మీద కూర్చుండిపోయాడు. వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, ఊళ్ళో లేడు; దేశం దాటడానికి కావాల్సిన ఎగ్జిట్ కాగితం ఆలస్యమైంది. ఆయన రాయచోటి చేరేసరికి గోరీ మీద మట్టి ఎండిపోయి ఉంది.

ఆ ఇంట్లో, అవ్వ మంచం మీద కూర్చుని, దుఃఖంలో కూడా తన గొప్ప తాను చెప్పుకున్నాడు మా తాత. "కడాకు కూడా ఎంత బాగా ఇనిందో తెల్సునామ్మా. ఊఁ అనకపోతే అది పనికిరాని మాటే. అట్లాటివన్నీ కొట్టేస్తాంటి."

ఖాలిదా చేతిలో చెంబు చేతిలోనే ఉండిపోయింది. "యాడ కొట్టేస్తాంటివి నాయనా?"

ఆయన చెప్పాడు. ఆమె విని, గోడకు చేరగిలబడింది.

"రంజాను పోయినప్పటి నుంచి అమ్మకు ఆయాసం నాయనా. గుండె అన్నారు. నీకు తెలిస్తే పని ఇడ్సిపెట్టి వచ్చేస్తావని నాతో ఒట్టు పెట్టించుకునింది. నువ్వు సదివేటప్పుడు ఊపిరందకపోతే ఫోన్ దిండు కిందికి తోస్తాండె. తగ్గినాక తీసి ఊఁ అంటాండె."

తాత మంచం మీది దిండు వైపు చూశాడు. తర్వాత అడగలేక అడగలేక అడిగాడు. "సముద్రం మాట సదివిన నాడు ఏమైంది?"

"నవ్వింది నాయనా. 'చూడు మీ నాయన సిగ్గులేకుండా లోకమంతా ఇనేటట్టు పిలుస్తాండాడు' అని నవ్వింది. ఆ నవ్వుకే ఆయాసం ఎత్తుకునింది. తెల్లారి లేస్తానే పోయి బుర్కా కుట్టమని దర్జీకి కొలతలిచ్చి వచ్చింది. సాయంత్రం నువ్వు సదివితే ఆ మాటే ల్యాకపోయె. 'ఆయనకు ఏం ఇబ్బంది వచ్చిందో ఏమో, అడిగితే బాధపడతాడు, నువ్వు కూడా అడగొద్దు' అనింది. బుర్కా వద్దని దర్జీకి చెప్పి పంపింది."

తాత దిండు మీద చేయి పెట్టి అట్లాగే ఉండిపోయాడు.

ఖతీఫ్‌కు తిరిగొచ్చాక ఆయన కొత్తగా ఏమీ రాయలేదు. పేజీలో పాత వ్యాసాలు ఒక్కొక్కటే తెరిచి, కొట్టేసిన వాక్యాలు గుర్తు తెచ్చుకుని, ఎక్కడివక్కడ తిరిగి పెట్టడం మొదలుపెట్టాడు. కుంటి గుర్రం కూడా వచ్చి చేరింది.

"మామా, ఆ పండు ఎప్పుడో అయిపాయె. ఇప్పుడెవరు సదువుతారు? కొత్తది రాయి" అన్నాడు బాషా.

"ఆమె ఊపిరందక ఆగిన చోట్లన్నీ ఇవే బాషా. నేను పనికిరాదని కొట్టేసినా."

బాషా పాలు లేని టీ ఒక గ్లాసు తెచ్చి ఆయన పక్కన పెట్టి, గిరాకీ చూసుకోవడానికి పోయాడు.

సముద్రం వాక్యాన్ని మాత్రం దుకాణంలో కూర్చుని తిరిగి పెట్టలేదు తాత. పడవల దగ్గరికి పోయి, వ్యాను నిలిపి, ఫోన్లో ఒక్కొక్క అక్షరమే టైపు కొట్టాడు. అలవాటు కొద్దీ పైకి చదివి, అలవాటు కొద్దీ ఆగాడు. ఎంతసేపు ఆగాడో వ్యానుకే తెలుసు. ఆ తర్వాత ఆ వాక్యాన్ని అట్లాగే ఉంచి, పేజీలో పెట్టేశాడు.

మొదట చదివింది లింబాద్రి. కింద రాశాడు: "మళ్ల మంచిగ రాసినవ్ తాతా. అవ్వ ఎప్పుడొస్తున్నదో చెప్పు, హాయిల్ నుంచి చూడనీకె వస్త."

ఆ మాట కింద తాత ఇంతవరకూ ఏమీ రాయలేదు. దాన్ని కొట్టేయనూ లేదు.